గడి లేని గడ్డి

నీళ్ళు రాకముందు అది తిప్ప గాదు, గుట్ట.
నల్లగుండ్ల గుట్ట అనేవాళ్ళు.
ఉరుకుందు తాత మేకలు పొద్దున ఎక్కి
పొద్దుగూకినాక కడుపు నింపుకుని దిగేవి.
డ్యాం కట్టినాక కృష్ణ వచ్చి
మెడదాకా కప్పేసింది.
తల ఒక్కటి మిగిలింది, పేరు మారి.

ఆ తలమీద దుప్పులను దింపినారు.
ఆత్మకూరు దాకా లారీ, రేవు నుంచి బల్లకట్టు.
యాడిదో మూసేసిన పార్కువంట,
నాలుగు ఆడవి, ఒక పోతు.
పెట్టె తలుపు తీస్తే ఒక్కటీ కదల్లేదు.
కాశింబీ తన పుట్టిలోనుంచే
"దిగండమ్మా, అత్తగారిల్లేం గాదులే" అనింది.
అందరం నవ్వినాం.
రేంజరు సారు బొప్పాయి ముక్క చేతిలో పెట్టుకుని
ఫోటో దిగినాడు.
అందులో నేనూ ఉన్నా, చివర, సగం భుజం.

నాకు రిజిస్టరు ఇచ్చినారు.
నెలకొకసారి పోయి లెక్క రాయాల.
ఐదు. ఐదు. ఏడు.
ఏడు రాసిన దినం బడిపిల్లోని మాదిరి
అంకె కింద రెండు గీతలు గీసినా.
పదకొండు. పంతొమ్మిది.
పులి లేదు, రేచుకుక్క లేదు.
ముప్పై ఆరు.
ఆపైన లెక్క తప్పుతా వచ్చింది.
చెట్టుకింద చుక్కలు
ఎండవో వీపువో తెలిసేది కాదు.

తెలియలేదని మీకు చెప్తున్నా గానీ
తెలిసింది.
మొదట బోదగడ్డి పోయింది.
తరువాత రేగు చిగురు, బలుసు, వేపమొలకలు.
దుప్పి మూతి అందే ఎత్తుకు
చెట్లన్నీ ఒకే గీతకు తెగినాయి.
సెలూన్ సుంకన్న కూడా
అంత సమంగా కొయ్యలేడు.
కంజుపిట్టలు గడ్డిలో గుడ్లు పెట్టేవి.
గడ్డి లేని నేలమీద గుడ్డంటే
అంగట్లో పెట్టిన గుడ్డే.
కాకులు బేరమాడకుండా తినిపోయినాయి.

రిజిస్టరులో దుప్పికి గడి ఉంది.
పోతుకొకటి, ఆడదానికొకటి,
పిల్లకొకటి, చచ్చినదానికొకటి.
గడ్డికి గడి లేదు.
కంజుకు గడి లేదు.
పక్కన ఖాళీలో రాసి పంపితే
"ఇదేంది?" అని ఎర్రసిరాలో తిరిగొచ్చింది.

కార్తీకంలో వచ్చి చూడండి,
తిప్పంతా తంగేడు.
బస్తా విప్పి పసుపు గుమ్మరించినట్టు.
తంగేడును ఏదీ తినదు.
సీతాఫలం ఆకునూ ఏదీ తినదు.
అందుకే అవి రెండే ఉన్నాయి.
కర్నూలు నుంచి బోట్లలో వచ్చేటోళ్ళు
"ఎంత బాగుందో!" అంటారు.
పసుపు ముందర దుప్పి తలెత్తి నిలబడితే
ఇంకా బాగుంటుంది, అబద్ధమెందుకు.
నాకూ బాగుంటుంది.

నీళ్ళు దిగేకొద్దీ వాటి వెనకాలే
మద్దిలేటి శనగ వేసుకుంటా పోతాడు.
మాఘానికి తిప్ప మళ్ళీ గుట్ట.
పోయినేడు ఒక రాత్రి
అవి నడుచుకుంటా వచ్చేసినాయి.
తెల్లారి చూస్తే చేను లేదు,
తడిమట్టిలో గిట్టల అచ్చులు,
ఒక్కొక్కటీ రెండు బద్దలైన శనగగింజ.
మద్దిలేటి మా ఇంటిముందుకొచ్చి నిలబడినాడు.
తిట్టలేదు.
"నీ లెక్కలో నా చేను ఎంత పడింది?" అన్నాడు.
తాత ఒక్కడే, అరుగుమీద నుంచి,
"తెచ్చినోన్ని ఏ గడిలో రాసినావురా?" అన్నాడు.
సారుకు బదిలీ అయ్యి ఆరేండ్లు.

నిన్న మళ్ళీ పోయినా.
ముసలి ఆడదుప్పి, చెవి చీలినది,
మొదటి ఐదింటిలో ఒకటేమో,
తంగేడు రెమ్మ కొరికింది.
ఉమ్మేసింది.
నాదిక్కు చూసింది.
మళ్ళీ కొరికింది.
పెన్ను మూత తీసి పట్టుకున్నా.
రేవు నుంచి కాశింబీ కేక వేస్తానే ఉంది,
గాలి లేస్తాంది, పుట్టి తిరగబడుతుంది, రా అని.